మినియాపొలిస్ పార్కుల్లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ ఈ వయసులో నేర్చుకోవచ్చా? ఏం కొనాలి?

మినియాపొలిస్ శివారు మేపుల్ గ్రోవ్‌కి కొత్తగా వచ్చాం, వయసు నలభైకి దగ్గర, మంచు మీద నడవడమే భయం, అయినా చలికాలమంతా ఇంట్లో కూర్చోలేం, క్రాస్ కంట్రీ స్కీయింగ్ (కొండ మీంచి దూకడం కాదు, దారి వెంట స్కీల మీద నడుస్తూ జారడం) నేర్చుకోవచ్చా అని ఒకరు అడిగారు.

నిక్షేపంలా నేర్చుకోవచ్చండి. వయసు అసలు లెక్కలోకి రాదు. చూసుకోవాల్సినవి రెండే: బూటు పాదానికి సరిగ్గా పట్టిందా, వారంలో ఒక సాయంత్రం గంట సమయం దొరుకుతుందా. చాలామంది మనవాళ్ళు స్కీయింగ్ అనగానే కొండ, లిఫ్టు, రిసార్టు, హోటల్ గది అనుకుని ఏడాదికొకసారి డబ్బు పోసి వస్తారు. అలా ఎవరికీ రాదు. ఇంటికి పావుగంట దూరంలో ఉన్న పార్కులో వారం వారం చేస్తేనే వస్తుంది.

మీకు ఎల్మ్ క్రీక్ పార్కు పక్కనే ఉంది. బ్లూమింగ్టన్ వైపు హైలాండ్ లేక్, సెయింట్ పాల్ వైపు బాటిల్ క్రీక్, మినియాపొలిస్‌లో థియోడోర్ వర్త్ పార్కు ఉన్నాయి. ఈ నాలుగు చోట్లా యంత్రాలతో మంచు తయారుచేసి పరుస్తారు, రాత్రిపూట దీపాలుంటాయి. ఈ ఊరికి అసలు వరం ఆ యంత్రాలే. 2023-24 చలికాలం ఇక్కడ రికార్డులకెక్కినంత వెచ్చగా గడిచింది, పచ్చిక మీద మంచు నిలవలేదు. అయినా 2024 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో వర్త్ పార్కులో క్రాస్ కంట్రీ స్కీయింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. 2020లో జరగాల్సినవి కోవిడ్ వల్ల రద్దయ్యాయి; అమెరికాలో ప్రపంచ కప్ 2001 తర్వాత మళ్ళీ జరిగింది అప్పుడే. నిల్వచేసిన కృత్రిమ మంచు, దాని మీద ఆ వారంలోనే పడిన కాస్త అసలు మంచు, అంతే. పురుషుల 10 కిలోమీటర్ల పోటీలో అలాస్కా కుర్రాడు గస్ షూమాకర్ గెలిచాడు. మహిళల 10 కిలోమీటర్లలో మన మినెసోటా రాష్ట్రపు ఆఫ్టన్ ఊరి అమ్మాయి జెస్సీ డిగ్గిన్స్ మూడో స్థానంలో నిలిచింది. ఊరి జనం మామూలు సాయంత్రాల్లో స్కీ చేసుకునే పార్కే అది. కాబట్టి "ఈసారి మంచు పడలేదు" అన్న సాకు ఈ ఊళ్ళో చెల్లదు.

మొదట క్లాసిక్ పద్ధతే నేర్చుకోండి, అంటే రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి నడిచినట్టు జారడం. మంచు దారిని చదునుచేసే గ్రూమింగ్ యంత్రం దారి పక్కగా రెండు గాళ్ళు తీసి పెడుతుంది, స్కీలు వాటిలోనే నడుస్తాయి, అడుగు పక్కకి పోదు. మిగతా వెడల్పంతా దుక్కి చాళ్ళలా సన్నటి గీతలతో చదునుగా ఉంటుంది, అది స్కీలని పక్కలకి తోస్తూ సాగే స్కేటింగ్ పద్ధతివాళ్ళది. స్కేటింగ్ చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్తవాళ్ళకి రెండు నిమిషాల్లో ఊపిరి అందదు.

మొదటి రెండు మూడుసార్లు పార్కు భవనంలోనే అద్దెకు తీసుకోండి. కొనేటప్పుడు బూట్లు ముందు. బూటు లోపల వేళ్ళు కదలాలి, మడమ మాత్రం లేవకూడదు. ఒక్క జత సన్నటి ఊలు సాక్సు చాలు. చలి అని రెండు జతలు తొడిగితే పాదం బిగుసుకుపోయి, రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. స్కీ పొడవు మీ ఎత్తుని బట్టి కాదు, బరువుని బట్టి. స్కీ మధ్యభాగం పైకి వంగి ఉంటుంది. చదును నేల మీద రెండు స్కీల మీదా సమానంగా నిలబడితే పాదం కింద కాగితం సులువుగా జరగాలి. బరువంతా ఒక్క కాలి మీద వేస్తే కాగితం బిగిసిపోవాలి. బిగియకపోతే ఆ స్కీ మీకు గట్టిది, తోసిన ప్రతిసారీ వెనక్కి జారుతుంది. పిల్లలకి "పెరుగుతారు కదా" అని రెండు సైజులు పెద్దవి కొనే తల్లిదండ్రుల మీద నాకు కోపం ఇందుకే. ఆ పిల్లవాడి బరువుకి స్కీ నేలకి ఆనదు, వాడు గంటసేపు వెనక్కి జారి ఏడ్చి ఇంకెప్పుడూ రానంటాడు. పిల్లలకి సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలున్నాయి, అది చేయండి.

స్కీ వెడల్పు 65 మిల్లీమీటర్ల లోపు ఉంటే గాడిలో పడుతుంది. అడుగున పట్టు కోసం మొహెయిర్ (మేక బొచ్చు) పట్టీ ఉన్నది తీసుకోండి, స్కీ అడుగున మైనం రాసుకునే గొడవ సగం తగ్గుతుంది. పోల్ (చేతి కర్ర) పొడవు క్లాసిక్‌కి ఎత్తులో సుమారు 84 శాతం: 170 సెంటీమీటర్ల మనిషికి 140 లేదా 145. స్కేటింగ్‌కైతే 150.

మొదటి సాయంత్రం ఇలా చేయండి. స్కీలని కారులోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట చలిలో ఉంచండి. వెచ్చటి స్కీని మంచు మీద పెడితే అడుగున మంచు కరిగి, వెంటనే గడ్డకట్టి అతుక్కుంటుంది. ఆ తర్వాత ఎంత తోసినా కదలదు. బూటు ముందున్న ఇనుప కడ్డీ దగ్గర మంచు ఇరుక్కుని ఉంటే పోల్ మొనతో గీకేయండి, లేకపోతే బైండింగ్ (బూటుని స్కీకి బిగించే అమరిక) పట్టదు. మొదటి ఇరవై నిమిషాలు పోల్స్ పక్కన పెట్టి చదునుగా ఉన్న గాడిలో ఊరికే నడవండి. తర్వాత బరువంతా ఒక్క స్కీ మీదికి మార్చి అది ఆగేదాకా జారనివ్వండి. ఈ ఒక్కటీ వస్తే మిగతాదంతా వస్తుంది. అప్పుడు పోల్స్ తీసుకోండి: చెయ్యి పోల్ పట్టీలోకి కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి.

దిగుడులో భయమేస్తే ఒక స్కీ గాడిలోనే ఉంచి, రెండోదాన్ని బయటికి తీసి దాని మడమ వైపు పక్కకి నొక్కండి, వేగం తగ్గుతుంది. ఇంకా భయమైతే పక్కకి కూర్చున్నట్టు పడిపోండి, పర్వాలేదు. లేచేటప్పుడు రెండు స్కీలూ వాలుకి అడ్డంగా, మీకంటే కిందివైపున ఉండాలి. పైవైపున ఉంటే మోకాళ్ళు మెలిపడతాయి.

వాతావరణం 10 నుంచి 25 ఫారెన్‌హీట్ మధ్య ఉన్న రోజు అన్నిటికంటే మంచిది. సున్నాకి దిగితే మంచు గరుకెక్కి స్కీ జారదు. 32 దగ్గర కొత్త మంచు పడుతుంటే స్కీ అడుగున ఉన్న మొహెయిర్ పట్టీకి ముద్దలు కడుతుంది. ఇంటి దగ్గరే ఆ పట్టీకి మంచు పట్టని ద్రవం రాసుకుని బయల్దేరండి, దారిలో ఆగకుండా కదులుతూ ఉండండి. జీన్స్, లావు జాకెట్ వద్దు. మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. ఒళ్ళంతా కప్పుకొస్తే చెమట పట్టి, ఆగగానే వణుకు.

ఇక స్కీ దారిలో నడిచేవాళ్ళ గురించి. గాడి మీద వేసిన ఒక్క అడుగు రాత్రికి గట్టిపడి గుంట అవుతుంది, మర్నాడు ఎవరి స్కీ మొనో దానిలో తగులుతుంది. మనవాళ్ళు కుటుంబాలతో ఫోటోలకని వచ్చి నిలబడేదీ అక్కడే. దయచేసి నడిచే దారిలో నడవండి. స్కీ దారులు ఒకవైపువే, బాణం గుర్తులు చూసే వెళ్ళండి. ఎదురు వెళితే మలుపులో ఢీకొంటారు.

పాస్ తప్పనిసరి. రాష్ట్రం పాస్ వేరు, ఈ పార్కులవి వేరు, వెళ్ళే పార్కు ఏది అడుగుతుందో చూసే కొనండి. పాత సామాన్లు కొంటే బూటు ఏ రకం బైండింగ్‌కి సరిపోతుందో అడుగు తిప్పి చూడండి: రెండు సన్నటి గాళ్ళుంటే ఎన్ఎన్ఎన్, ఒకటే వెడల్పు గాడి ఉంటే ఎస్ఎన్ఎస్. రెండోది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు, ఆ బైండింగ్‌కి కొత్త బూట్లు ఇప్పుడు దొరకడం కష్టం.