రెండు కేబుళ్ల కోసం కొత్త అప్పా?

ప్రశ్న: మాది వరంగల్. నా జీతం నెలకు 38,000. అద్దె, పెట్రోలు, పిల్లల ఫీజులు అన్నీ కలిపి 29,000 ఖర్చు. బ్యాంకులో 11,000 ఉన్నాయి. పోయిన వారం 55 అంగుళాల 4కే టీవీని 44,990కి క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నాం. బొమ్మ బాగా రావాలంటే బొమ్మ, శబ్దం మోసే హెచ్‌డీఎంఐ కేబుళ్లు బంగారు పూతవే వేయాలంటున్నారు షాపువాళ్లు. జత 7,998. సౌండ్‌బార్ 14,999, పొడిగింపు వారంటీ 4,499 కలిపితే 27,496. ఈ మొత్తాన్ని ఒక లోన్ యాప్ 24 శాతం వడ్డీకి, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజుతో 12 నెలలకు ఇస్తానంటోంది. టీవీకి హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్ ఉంది, ఓటీటీలు టీవీలోనే చూస్తాం, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్ కలుపుతాం. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. యాప్‌లో ఇంకా బటన్ నొక్కకపోతే నొక్కకండి. నొక్కేసి ఉంటే ఈరోజే ఒప్పంద పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఆ గడువులోపు అసలు, అన్ని రోజులకు అయిన వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఇంకో మాట: ఆ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగితే అక్కడితో తీసేయండి. అప్పిచ్చే యాప్‌లు వాటిని ముట్టుకోకూడదని 2022 నుంచే నిబంధన ఉంది.

మీ ఉత్తరానికే జవాబు రాయడానికి కారణం ఉంది. పెద్ద వస్తువు కొన్నాక దాని వెంట వచ్చే చిల్లర సామాను దగ్గరే చాలామంది జారిపోతారు. టీవీకి నాలుగు షాపుల్లో బేరమాడినవాళ్లు కూడా కేబుల్ ధర అడగరు.

ముందు కేబుల్ సంగతి తేల్చేద్దాం. ఓటీటీలు టీవీలోనే చూస్తున్నారు కాబట్టి వాటికి హెచ్‌డీఎంఐ కేబులే అక్కర్లేదు, బొమ్మ వైఫైలో వస్తుంది. హెచ్‌డీ బాక్స్ ఇచ్చేది 1080ఐ బొమ్మ, అంటే 4కే కన్నా చాలా తక్కువ. బాక్స్‌తో పాటు వచ్చిన మామూలు కేబుల్ దానికి సరిపోతుంది. ఇక మిగిలింది ల్యాప్‌టాప్. 4కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రావాలంటే 18 జీబీపీఎస్, అంటే సెకనుకు 18 గిగాబిట్ల డేటా, మోసే కేబుల్ కావాలి. ప్యాకెట్ మీద ‘ప్రీమియం హై స్పీడ్’ అని ఉండాలి, స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉండాలి. రెండు మీటర్లది సుమారు 400 నుంచి 700 లోపు దొరుకుతుంది. 48 జీబీపీఎస్ ‘అల్ట్రా హై స్పీడ్’ రకం 120 ఫ్రేముల గేమ్ కన్సోళ్లకు, 8కేకు. మీకు పనిలేదు. హెచ్‌డీఎంఐ వెర్షన్ అంటూ ఒట్టి ‘2.1’ అంకె ముద్రించినంత మాత్రాన అది ధ్రువీకరణ కాదు.

బంగారు పూత పిన్నులు తుప్పు పట్టకుండా చూస్తుంది, అంతే. రంగులు పెంచదు. ఇది డిజిటల్ సిగ్నల్. సరిగ్గా అందితే 500 కేబుల్‌కీ 4,000 కేబుల్‌కీ తెర మీద బొమ్మ ఒకటే. అందకపోతే కళ్లకు కనపడుతుంది: తెల్లటి చుక్కలు మెరుస్తాయి, క్షణంపాటు తెర నల్లబడుతుంది, లేదా ‘నో సిగ్నల్’ వస్తుంది. కొన్నాక ల్యాప్‌టాప్‌లో 4కే, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) పెట్టి అరగంట నడపండి. 30 హెర్ట్జ్ మాత్రమే చూపిస్తే కేబుల్‌ను తిట్టకండి. ముందు టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకు ‘ఎన్‌హాన్స్‌డ్’, ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ లేదా ‘డీప్ కలర్’ లాంటిది ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత ల్యాప్‌టాప్ అయితే దాని పోర్టే అంతకుమించి ఇవ్వదు.

కొలత తీసుకునే కొనండి. పోర్టు నుంచి బల్ల దాకా తాడు వేసి కొలిచి అర మీటరు కలపండి. గోడకు బిగించిన టీవీ వెనుక కేబుల్ మడతపడి పోర్టు మీద బరువు పడితే పాడయ్యేది టీవీయే. ఐదు మీటర్లు దాటితే మామూలు రాగి కేబుల్‌లో 18 జీబీపీఎస్ నమ్మకంగా రాదు. గోడలో గొట్టం వేయిస్తుంటే 40 మిల్లీమీటర్లది వేయించండి, సన్నదాంట్లో కనెక్టర్ మలుపు దగ్గర ఇరుక్కుంటుంది.

అంటే 7,998 పోయి 600 అయింది. అది చేతి డబ్బుతో కొనేయండి. సౌండ్‌బార్ ఆగుతుంది. వారంటీ కూడా వద్దు. తెర పగిలితే చాలావరకు అది వర్తించదు.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గర ఉన్న 11,000 పన్నెండు రోజుల ఖర్చుకు కూడా చాలదు. టీవీ ఈఎంఐ నెలకు దాదాపు 3,750. ఖర్చులు 29,000, ఈ ఈఎంఐ పోను మిగిలేది 5,250. యాప్ అప్పు చేస్తే దాని ఈఎంఐ 2,600, చేతిలో ఉండేది 2,650. వడ్డీ, ఫీజు, ఫీజు మీద జీఎస్టీ కలిపి సుమారు 4,350 అదనం, సౌండ్‌బార్‌కూ కేబుళ్లకూ! ఒక్క నెల జీతం ఆలస్యమైతే కార్డు బిల్లు తప్పుతుంది. చాలా కార్డుల్లో నెలకు 3.75 శాతం దాకా వడ్డీ, దాని మీద జీఎస్టీ. ఆ తర్వాత కొన్న సరుకులకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. నో కాస్ట్ అన్నదాంట్లోనూ ఖర్చుంది. బ్యాంకు వేసే వడ్డీ మేరకు ధర తగ్గిస్తారు గానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ మీరే కట్టాలి. 15 శాతం లెక్కన చూస్తే వడ్డీ మీద జీఎస్టీయే సుమారు 620, బిల్లులో విడిగా కనపడుతుంది.

అప్పు చేయకపోతే నెలనెలా 5,250 చొప్పున ఏడాదిలో ఉన్నదానితో కలిపి 74,000 అవుతుంది. అప్పు చేస్తే 42,800. టీవీ ఈఎంఐ అయిపోయాక నెలకు 9,000 వేస్తే మరో రెండు నెలల్లో మూడు నెలల ఖర్చు, 87,000, దాటేస్తారు. అత్యవసర నిధికి అది సగమే. ఆరు నెలల ఖర్చు 1,74,000 చేరేదాకా కొత్త ఈఎంఐ ఏదీ వద్దు, సౌండ్‌బార్‌తో సహా. బంగారం కుదువ పెట్టడం యాప్ కన్నా నయమే గానీ ఆసుపత్రి ఖర్చుకు దాచుకోండి, కేబుల్‌కు కాదు. ఆఫీసు ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే సొంత పాలసీ కూడా చూసుకోండి.

ఈ నిధిని జీతం ఖాతాలో కలిపి ఉంచకండి, నెలాఖరుకు కనపడదు. వేరే బ్యాంకులో స్వీప్ ఇన్ డిపాజిట్ (పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే) సౌకర్యమున్న పొదుపు ఖాతా తెరవండి. జీతం పడిన మర్నాటికే 5,250 అక్కడికి వెళ్లేలా ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు ఉంచుకోండి, కానీ ఏ యూపీఐ యాప్‌కూ దాన్ని కలపకండి.