పాఠకుల ప్రశ్నలు: కొండ కొసన చివిత

ప్రశ్న: రోమ్‌లో నాలుగు రోజులుంటాం, కారు లేదు. చివిత ది బాన్యోరేజో అనే ఊరిని ఒక పూటలో చూసి రావచ్చా? నిజంగా అంత నిశ్శబ్దంగా ఉంటుందా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒక పూట చాలదు. రోజంతా కేటాయించండి, వీలైతే రాత్రి అక్కడే ఉండండి. ఏడాది పొడుగునా ఊళ్లో కాపురముండేది పది పదిహేను మందే. అయినా పగలు పది దాటితే టూర్ బస్సుల జనంతో సందులు నిండిపోతాయి. మీరు కోరే నిశ్శబ్దం తెల్లవారుజామునా, పొద్దుగూకాకా దొరుకుతుంది.

రోమ్ నుంచి ఒర్వియేతో పట్టణానికి రైల్లో గంటా పావు. అక్కడి నుంచి చివితకు ఎదురుగా ఉన్న బాన్యోరేజో ఊరికి, ఆ ప్రాంతపు రవాణా సంస్థ కోత్రాల్ బస్సులో సుమారు ముప్పావు గంట. చిక్కంతా ఈ బస్సుతోనే. ఆదివారం అసలుండదు, మిగతా రోజుల్లోనూ కొన్నే. టైమ్‌టేబుల్లో ‘ఫెరియాలె’ అంటే సోమవారం నుంచి శనివారం దాకా. ‘స్కొలాస్తికో’ అని ఉంటే బడులు నడిచే రోజుల్లో మాత్రమే. ఈ మాట గమనించక వేసవి సెలవుల్లో వచ్చి, రాని బస్సు కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. రానూ పోనూ టికెట్లు ఎక్కకముందే, ‘టి’ అక్షరం బోర్డున్న పొగాకు దుకాణంలో కొనుక్కోండి. బస్సు దిగగానే తిరుగు బస్సుల వేళలు ఫోటో తీసుకోండి. అక్కడి నుంచి చివితలోకి వెళ్లే వంతెన దాకా దాదాపు అరగంట నడక. వంతెన దాటడానికి మనిషికి 5 యూరోల టికెట్ ఉంది.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వంతెన ఎక్కగలరా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: 1965లో కట్టిన ఈ కాలినడక వంతెన పొడవు 300 మీటర్ల పైచిలుకు. మొదట్లో తేలికగానే ఉంటుంది, చివరికొచ్చేసరికి ఎత్తు బాగా పెరుగుతుంది. నీడ లేదు, సందర్శకులకు బండి లేదు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. వాన పడ్డ రోజు లోపలి రాళ్లు జారతాయి కాబట్టి అడుగు అరిగిన చెప్పులు వద్దు. అనుమానంగా ఉంటే అమ్మగారిని వంతెనకు ఇవతల బెల్వెదేరె, అంటే దృశ్యం చూసే చోటు దగ్గర కూర్చోబెట్టండి. కొండ మొత్తం కనిపించేది అక్కడి నుంచే, లోపలికి వెళ్లినవాళ్లకు ఆ దృశ్యం ఉండదు.

ప్రశ్న: ఇది ఎత్రుస్కన్ల ఊరంటారు. వాళ్లవి ఏమైనా మిగిలాయా? ఊరు ఎందుకు కూలిపోతోంది? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రెండు ప్రశ్నలకూ జవాబు ఆ రాతిలోనే ఉంది. పైన ఉన్నది తూఫా, అంటే అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడ్డ రాయి. ఉలికి సులువుగా లొంగుతుంది. కాబట్టే రెండున్నర వేల ఏళ్ల కిందట, రోమన్ల కంటే ముందు ఈ ప్రాంతంలో వెలిగిన ఎత్రుస్కన్లు ఈ రాతిని తొలిచి దారులూ గుహలూ చేశారు. మీరు లోపలికి అడుగుపెట్టే శాంత మరియా ద్వారం దారి వాళ్లు తొలిచిందే. అయితే ఈ రాయి కూర్చున్నది పాత సముద్రపు బంకమట్టి మీద. వాన ఆ మట్టిని పక్కల నుంచి కోసుకుపోతుంది, కింద ఆనిక పోయిన రాయి నిలువునా పగిలి లోయలోకి జారుతుంది. 1695 భూకంపం తర్వాత బిషప్పు, అధికారులు బాన్యోరేజోకు తరలిపోయారు. ఇక్కడ పుట్టిన క్రైస్తవ సన్యాసి బోనవెంతూరా ఇల్లు కూడా లోయపాలైంది. ద్వారం దాటాక ఒక భవనపు ముందుగోడ ఒక్కటే నిలబడి ఉంటుంది. దాని కిటికీల్లోంచి చూడండి, వెనక గది ఉండదు, ఆకాశమే. అంచుల దగ్గర కంచె దాటొద్దని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

ఎత్రుస్కన్ల అక్షరాలు చూడాలంటే మాత్రం ఒర్వియేతో కొండ కిందున్న క్రొచిఫిస్సో దెల్ తూఫో సమాధుల దగ్గర దిగండి. రాతి గదులు వీధి ఇళ్లలా వరసగా ఉంటాయి. గుమ్మం పైకమ్మీ మీద కుడి నుంచి ఎడమకు చెక్కిన పేర్లుంటాయి. చాలావాటికి మొదటి మాట ‘మి’, అంటే ‘నేను’. ‘నేను ఫలానావారి దాన్ని’ అని సమాధే చెబుతున్నట్టు రాశారు. చివితకు ముందు ఇది చూస్తే మంచిది.

ప్రశ్న: శాకాహారులకు తిండి? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నిప్పు మీద కాల్చిన రొట్టెపై ఆలివ్ నూనె, టమాటా ముక్కలు వేసే బ్రుస్కెత్తా దొరుకుతుంది. పాస్తా సాసుల్లో, సూపుల్లో మాంసం కలుస్తుంటుంది. ‘సెంజా కార్నె’, అంటే మాంసం లేకుండా అని అడగండి.