కొమ్ముకు ఒక ధర, కాయకు ఒక ధర

ఎర్రముక్కపల్లి, కడప

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు వీడియో గేమ్ సమీక్షలూ అందాయి. ఒకసారి భోజనానికి ముందు చదివాను, భోజనమయ్యాక పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. మూడింటిలో కలిపి 'ఫరవాలేదు' అన్న మాట పదకొండు చోట్ల తగిలింది. 'ఓ మోస్తరుగా ఉంది' నాలుగు చోట్ల. బొమ్మలు ఫరవాలేదు, సంగీతం ఫరవాలేదు, కథ ఫరవాలేదు, చివర అయిదుకు మూడు నక్షత్రాలు. ఆటల పేర్లు కొట్టేసి మూడు కాగితాలనూ కలిపేస్తే ఏది ఏ ఆట గురించో రాసిన నువ్వే చెప్పలేవు.

కోపంతో అనడం లేదు. నేను వారపత్రికకు రాయడం మొదలుపెట్టిన కొత్తలో నా రాతా ఇంతే. గొప్ప ఆట దొరికితే చేయి దానంతట అదే సాగుతుంది. పరమ చెత్త ఆట దొరికితే మరీ హుషారు, తిట్టడానికి మన భాషలో మాటలకు కరువా? ఆ రెండింటికీ నడుమ పడి ఉండేవే ప్రాణం తీస్తాయి. సమీక్షకుడి బల్ల మీదికి వచ్చేవి చాలావరకు అవే. వాటి మీద రాయడం చేతకాకపోతే ఏడాదికి రెండు వ్యాసాలు రాసుకుని కూర్చోవాలి.

సమీక్షకుల మార్కులు పోగుచేసి సగటు తీసే మెటాక్రిటిక్ వెబ్‌సైటు నీకు తెలుసు కదా, 2001 నుంచీ ఉంది. ఆటలకైతే నూటికి 75, ఆ పైన వస్తే ఆకుపచ్చ. 50 నుంచి 74 దాకా పసుపు. ఆ కిందివి ఎరుపు. నీ మూడు నక్షత్రాలంటే నూటికి 60, అంటే పసుపు. బాగానే ఉంది. కానీ కడప జిల్లాలో పుట్టినవాడివి, పసుపు అనేసి ఊరుకుంటే ఎలా? ఒకరోజు పొద్దున్నే మన మార్కెట్ యార్డుకు వెళ్లి నిలబడు. దూరం నుంచి పసుపు కుప్పలన్నీ ఒకటే రంగు. వ్యాపారి వస్తాడు, కుప్ప లోపలికి చేయి పెట్టి ఒక కొమ్ము పైకి తీస్తాడు, టప్పున విరుస్తాడు, విరిగిన చోట రంగు చూస్తాడు. సరిగా ఉడకని సరుకూ సరిగా ఎండని సరుకూ అక్కడ దొరికిపోతాయి. కొమ్ముకు ఒక ధర, కాయకు ఒక ధర. 'పసుపు ఫరవాలేదు' అని వెళ్లిపోయిన వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. నువ్వు కుప్పను దూరం నుంచి చూసి వచ్చావు, విరిచి చూడలేదు.

విరవడం నాకు ఎలా అలవాటైందో చెబుతాను. ఏడు రోడ్ల దగ్గర నేను సెల్‌ఫోన్ల కొట్టు నడిపిన రోజులు నీకు లీలగా గుర్తుండవచ్చు. అప్పటివి జావా ఆటలు, బటన్ల ఫోన్లలో నడిచే చిన్నవి. మెమరీ కార్డు తెచ్చిస్తే ఇరవై రూపాయలకు పది ఆటలు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. న్యాయమైన వ్యాపారం కాదు, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. రంగుల తెరతో వచ్చిన తొలి నోకియా ఫోన్లలో కొన్నింటికి ఒక్కో ఆట 64 కిలోబైట్లు దాటకూడదు. ఇప్పుడు మీ అమ్మ పంపే శుభోదయం బొమ్మ కూడా అంతకంటే బరువుంటుంది. తెర కొలతలు చుక్కల్లో, అంటే పిక్సెళ్లలో, ఫోనుకొక తీరు: 128 బై 160, 176 బై 220, 240 బై 320. కొలత తప్పిన ఆట ఎక్కిస్తే అది తెరలో ఒక మూలకు ముడుచుకుని కూర్చునేది, మిగతాదంతా తెల్లగా.

నాకు చదువు చెప్పింది ఎక్కించడం కాదు, తీసేయడం. వారం తిరక్కుండానే వచ్చి 'అన్నా, ఇది తీసేసి ఇంకొకటి వెయ్యి' అనేవారు. ఎందుకని అడిగేవాణ్ణి. ఆటో నడిపే ఒకతను ఏమన్నాడో ఇప్పటికీ మరచిపోలేదు: 'బేరం వచ్చిందని ఆపితే మళ్లీ మొదటి నుంచి ఆడమంటుంది అన్నా, నాకు మొదటి రెండు మెట్లు తప్ప ఈ ఆటలో ఇంకేముందో తెలియదు.' పాలిటెక్నిక్ కుర్రాడొకడు: 'వంతెన మీద ప్రతిసారీ పడిపోతున్నా, కానీ అది నా తప్పు కాదు.' నేను కొట్టులోనే ఆ వంతెన దాకా ఆడాను. వాడి మాట నిజం. వంతెన అంచు బొమ్మలో కనిపించేది ఒక చోట, ఆట లెక్కలో ఉన్నది దానికి రెండు చుక్కల ముందు. నిలబడ్డాననుకున్న చోట నేల లేదు. ఆ కుర్రాడికి సమీక్ష అన్న మాట తెలియదు, కానీ కొమ్మును సరిగ్గా కుళ్లిన చోటనే విరిచి నా చేతిలో పెట్టాడు. ఏ ఆటను ఎందుకు తీసేయమన్నారో రసీదు పుస్తకం వెనుక రాసుకునేవాణ్ణి. తరువాత పత్రికకు రాయమన్నప్పుడు నా పెట్టుబడి ఆ రసీదు పుస్తకమే.

ఇక నీ రెండో సమీక్షకు వద్దాం. పరుగు ఆట. 'సబ్‌వే సర్ఫర్స్‌కు నకలు, ఫరవాలేదు, ఎందుకో కాసేపటికి విసుగు పుట్టింది' అన్నావు. నకలు అన్నది అభియోగం, సాక్ష్యం కావాలి. 2011లో వచ్చిన టెంపుల్ రన్‌లో దారి ఉన్నట్లుండి మలుపు తిరుగుతుంది, అక్కడ వేలు గీయాలి. దారిలోనే పక్కకు జరగాలంటే ఫోను వంచాలి. రెండు పనులకు రెండు వేర్వేరు సైగలు. 2012లో వచ్చిన సబ్‌వే సర్ఫర్స్ మలుపులనే ఎత్తేసింది. మూడు పట్టాలు వేసి, వేలు పక్కకు గీస్తే పట్టా మారేలా చేసింది. అక్కడా గొడవ లేదు. మరి నీ ఆట? నేనూ ఆడాను. దానినుంచి మలుపులు తీసుకుంది, దీనినుంచి మూడు వరుసలు తీసుకుంది, రెండింటినీ ఒకే సైగకు కట్టింది. మలుపు దగ్గర కుడికి గీస్తే వరుస మారమన్నామా, మలుపు తిరగమన్నామా? ఆట తనకు తోచింది చేస్తుంది. చచ్చేది మనం. ఇది నకలు కొట్టిన తప్పు కూడా కాదు, ఇద్దరి దగ్గర తెచ్చిన సామానుతో ఒకే కుండలో వంట చేయబోయిన తప్పు.

ఇంకొక పరీక్ష చేసి చూడు. ఆ ఆటలో వేలు తెర మీద పక్కకు జార్చి, ఎత్తకుండా అలాగే ఆనించి ఉంచు. మనిషి కదలడు. ఎత్తు, అప్పుడు కదులుతాడు. అంటే గీత మొదలైనప్పుడు కాక వేలు లేచినప్పుడు ఆట మన మాట వింటోంది. సెకనుకు 60 బొమ్మలు వేసే తెర మీద ఒక్కో బొమ్మ ఉండేది 16.7 మిల్లీసెకన్లు. వేలు ఎత్తడానికి సెకనులో పదో వంతు పట్టిందనుకున్నా ఆరు బొమ్మలు దాటిపోతాయి. కంటికి తెలియదు, బొటనవేలికి తెలుస్తుంది. నువ్వు రాసిన ఆ 'ఎందుకో'లో ఉన్నది ఇదే. దాన్ని తవ్వకుండా వదిలేశావు, సమీక్ష అక్కడే ఉంది.

వియత్నాంకు చెందిన డాంగ్ న్గుయెన్ 2013లో ఫ్లాపీ బర్డ్ అనే ఫోను ఆట విడుదల చేశాడు, 2014 ఫిబ్రవరిలో తన చేతులతోనే యాప్‌ల దుకాణం నుంచి తీసేశాడు. బొమ్మలు చూస్తే మూడు నక్షత్రాలు కూడా ఎక్కువే అంటావు. కానీ వేలు తగిలిన క్షణమే పిట్ట ఎగురుతుంది, పడితే మళ్లీ మొదలు కావడానికి రెప్పపాటు చాలు. ఆ ఒక్క పని శుద్ధంగా చేసిన ఆట అది. దాని పక్కన నీ పరుగు ఆటను పెట్టి చూస్తే రాయడానికి కావలసినంత దొరుకుతుంది.

మూడో సమీక్ష, బావ కువైట్ నుంచి తెచ్చిన పీఎస్పీలో, అదే సోనీ వారి చేతిలో పట్టుకునే ఆట పెట్టెలో, ఆడిన కత్తియుద్ధం. 'కెమెరా సరిగా లేదు' అన్నావు. నిజమే, కానీ ఎందుకు లేదు? ప్లేస్టేషన్ 2 కంట్రోలర్‌కు బొటనవేళ్లతో తిప్పే మీటలు రెండు: ఎడమదానితో మనిషిని నడుపుతాం, కుడిదానితో చూపు తిప్పుతాం. పీఎస్పీకి ఎడమ వైపు ఒకటే ఉంది. టీవీ ముందు ఆడే ఆటను జేబు పెట్టెలోకి కుదించినప్పుడల్లా చూపు తిప్పే పని దిక్కులేనిదవుతుంది. దాన్ని బాణం గుర్తుల బటన్లకు అప్పగించారు. అవీ ఎడమ వైపే ఉన్నాయి, ఉన్న ఎడమ బొటనవేలు ఒకటే. అదే పీఎస్పీలో మాన్‌స్టర్ హంటర్ అనే వేట ఆట ఆడినవారు బొటనవేలు మీట మీద ఉంచి, చూపుడువేలు కొక్కెంలా వంచి ఆ బటన్లు నొక్కేవారు. పంజా పట్టు అని దానికి పేరే పడింది. అంత శ్రమకు వాళ్లు ఒప్పుకున్నారంటే ఆ ఆట బదులుగా ఏదో ఇచ్చింది. నీ కత్తియుద్ధం ఆ శ్రమ అడిగి ఏమీ ఇవ్వలేదు. ఈ రెండు వాక్యాలు రాసి ఉంటే 'ఫరవాలేదు' అవసరమే పడేది కాదు.

పెట్టెను బట్టి ఆటను చూడాలి, అబ్బాయీ. 1989 నాటి గేమ్ బాయ్ అనే చేతి పెట్టె తెర 160 బై 144 చుక్కలు, నాలుగే ఛాయలు. టెట్రిస్ ఆ తెరలో కొలిచి కుట్టించుకున్న చొక్కాలా కూర్చుంది. 2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కు రెండు తెరలు, ఒక పుల్ల, మాట వినే మైకు కూడా ఇచ్చారు. ఇక చూడు, ఉన్న ప్రతి వసతినీ వాడి తీరాలన్న చాదస్తం పట్టుకుంది కొందరికి. దీపం ఆర్పాలంటే మైకులోకి ఊదమనే ఆటలు వచ్చాయి. చాపాడు దగ్గర పల్లెవెలుగు బస్సులో కూర్చుని నువ్వు ఆ పెట్టెలోకి ఊదుతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన దిష్టి తీస్తున్నావనుకుంటాడు.

బస్సు అన్నాను కాబట్టి ఇది కూడా. చల్లటి గదిలో, కొత్త ఫోనులో పది నిమిషాలు ఆడి రాసే వాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు వాళ్లతో పోటీ పడకు. మీ తమ్ముడి పాత ఫోను అడుక్కో. మే నెల మధ్యాహ్నం మైదుకూరు మీదుగా వచ్చే బస్సు ఎక్కి ఆడు. ఎండ నలభై దాటిన రోజున ఫోను వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి లోపలి ప్రాసెసరు వేగం తగ్గించుకుంటుంది. ప్రొద్దుటూరులో నున్నగా నడిచిన ఆట ఖాజీపేట వచ్చేసరికి కుంటుతుంది. ఆట చేసినవారికి ఆ సంగతి ముందే తెలుసు. కొందరు బొమ్మల నాణ్యత తగ్గించుకునే వీలు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఏ నిమిషంలో కుంటడం మొదలైందో రాయి. నిన్ను చదివేవాడు ఆడబోయేది ఆ ఎండలోనే.

'ఆట ఉచితం' అని మూడు చోట్ల రాశావు. ఉచితం అన్న మాట వాడే ముందు గడియారం పెట్టుకో. మొదటి ప్రకటన ఎన్నో నిమిషంలో వచ్చింది, దాన్ని మూసే గుర్తు ఎన్ని సెకన్లకు కనిపించింది, ఆటను దింపుకున్నాక తెరవగానే మళ్లీ ఎంత దింపుకోమంది. 2012 నుంచి ఫోన్లలో ఉన్న క్యాండీ క్రష్‌లో ప్రాణాలు అయిదు, పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. కనీసం లెక్క తెలుసు. నీ మొదటి ఆటలో ఆ లెక్క ఎక్కడా చెప్పలేదు. ఊరికే ఆగమంటుంది, లేదా డబ్బు కట్టమంటుంది.

కానీ ఆ మొదటి ఆట దగ్గరే నీకు ఇంకొకటి చూపాలి. నాలుగో అంచెలో వాన పడుతుంది చూశావా? చెవిలో తీగలు పెట్టుకుని విను. రేకుల మీద పడే చినుకు చప్పుడు వేరు, మట్టి మీద పడేది వేరు. మనిషి రేకుల షెడ్డు కిందికి వెళితే చప్పుడు మారుతుంది. ఆ పని చేయమని ఎవరూ అడిగి ఉండరు, చేయకపోయినా ఎవరూ గమనించరు. ఎవరో ఒకరు కూర్చుని చేశారు. అదే ఆటలో మాటిమాటికీ పర్సు తీయమనడం మరెవరి ఆలోచనో. మధ్యరకం ఆటల్లో చాలావాటిలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు నాకు, ఒకరు కట్టేవారు, ఒకరు దాని మీద గల్లాపెట్టె పెట్టేవారు. ఇద్దరినీ విడదీసి చూపించు. మూడు నక్షత్రాల్లో ఇద్దరూ కలిసిపోయి, పని చేసినవాడికి మాట దక్కలేదు, చెడగొట్టినవాడికి దెబ్బ తగల్లేదు.

దెబ్బ అంటే గుర్తొచ్చింది. నువ్వు ఫోనులో 'కొంచెం కరుకుగా రాయనా మామయ్యా' అని అడిగావు. రాచమల్లు రామచంద్రారెడ్డి గారు సాహిత్య విమర్శ రాసిన జిల్లా మనది. ఆయన కరుకుతనాన్ని తలచుకునేవారే అందరూ. ఆ పాళం పట్టుకోవాలని నేనూ ఒక ఏడాది పాటు అందరినీ తిట్టి చూశాను. ఉత్తరాలు బాగా వచ్చాయి, ఒక్క ఉత్తరంలోనూ ఆట గురించి లేదు, నా తిట్ల గురించే ఉంది. ఆ తరువాత మానుకున్నాను. సినిమా విడుదలకు ముందు హీరో బొమ్మ అతికించి వదిలే ఆటలకు మాత్రం ఇప్పటికీ నాకు దయ లేదు, ఆ ఒక్క దురలవాటు ఉండనివ్వు.

ఆట చేసినవారెవరైనా ఫోను చేసి మంచి మాట రాయమంటే, రాసినది అచ్చులో చూడమని చెప్పి పెట్టేయి. దాని గురించి ఇంతకంటే ఆలోచించవద్దు.

పరుగు ఆట సమీక్షను మొదటి నుంచి రాసి పంపు. నక్షత్రాలు వేయవద్దు. 'ఫరవాలేదు' ఒక్కసారి వాడుకోవచ్చు, ఎక్కడ వాడాలో నీ ఇష్టం. పీఎస్పీ ఆట విషయం ఉత్తరంలో తేలేది కాదు, నేను ఒకసారి చేతిలో పట్టుకుని చూడాలి. ఆదివారం పొద్దున బస్సుకు వచ్చేయి, కారం దోసె తిని కూర్చుందాం. పెట్టెతో పాటు ఛార్జరు మరచిపోకుండా తీసుకురా, నా దగ్గరున్నదాని తీగ ఎలుక కొరికేసింది. అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

మీ మామయ్య