స్ట్రాట్ గిటార్ శ్రుతి నిలవడం లేదు, బ్రిడ్జి మార్చేయాలా?

మీరు అడిగింది ఇది: తక్కువ ధరకు దొరికే స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్, ఆరు స్క్రూల ట్రెమొలో బ్రిడ్జి, అంటే తీగల చివర్లను పట్టుకుని ఊగే భాగం. బ్రిడ్జిని ఊపే కడ్డీని, అదే వామీ బార్‌ని, నొక్కి వదిలితే శ్రుతి తప్పుతోంది, తీగలు కూడా ఎత్తుగా ఉన్నాయి. మంచి బ్రిడ్జి కొని వేస్తే బాగుపడుతుందా, ఏది కొనాలి?

ఇప్పుడే కొనకండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. ఇలాంటి గిటార్లకు ఎక్కువగా కావలసింది ఒక స్టార్ స్క్రూడ్రైవరు, 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ, ఒక పూట ఓపిక. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి లియో ఫెండర్ పెట్టిన ఏర్పాటే ఈ ఆరు స్క్రూల బ్రిడ్జి. సరిగ్గా బిగిస్తే ఇది శ్రుతి నిలుపుతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. శ్రుతి చేసి, బార్‌ని బాగా కిందికి నొక్కి వదిలి, ట్యూనర్‌లో ఆరు తీగలూ చూడండి. ఒకటి రెండు తీగలే, అందులోనూ మూడో తీగ, స్వరం పెరిగి ఆగిపోతే తప్పు బ్రిడ్జిది కాదు, నట్‌ది, అంటే మెడ కొసన తీగలు గాడుల్లో కూర్చునే పట్టీది. గాడి ఇరుకై తీగని పట్టేసుకుంటోంది. అదే తీగని వేలితో లాగి వదిలితే స్వరం తగ్గి ఆగుతుంది. ట్యూనింగ్ కీ తిప్పేటప్పుడు "టిక్" మని చప్పుడొస్తే ఇక అనుమానమే లేదు. పెన్సిల్ గ్రాఫైట్ గాడిలో రుద్దితే తాత్కాలికంగా జారుతుంది, గాడిని తీగ లావుకి తగ్గట్టు ఆకురాయితో సరిచేస్తే శాశ్వతంగా నయమవుతుంది. ఆరు తీగలూ కలిసి ఒకే వైపుకి తప్పితే మాత్రం బ్రిడ్జి తన చోటికి తిరిగి రావడం లేదని అర్థం. నట్‌లో ఉన్న రోగానికి వేల రూపాయల బ్రిడ్జి అమ్మేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా ఎవరూ చెప్పరు.

బ్రిడ్జే కారణమైతే మొదట ఆ ఆరు స్క్రూలు చూడండి. ఫ్యాక్టరీలో ఆరింటినీ గట్టిగా బిగించి వదిలేస్తే బ్రిడ్జి పలక కదలడానికి చోటుండదు, రాపిడికి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. తీగలు వదులు చేసి, పలక చెక్కకి ఆనేలా ఉంచి, ఆరు స్క్రూలనూ పలకకి తాకేదాకా తిప్పండి. తర్వాత చివరి రెండింటినీ కొంచెం, అంటే పలక స్వేచ్ఛగా ఊగేంత వెనక్కి తిప్పండి. మధ్య నాలుగింటినీ ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా పైకి లేపండి. పలక ఇక ఆ చివరి రెండు స్క్రూల అంచు మీద ఊగుతుంది, మధ్యవి పక్కకి జరగకుండా కాపలా కాస్తాయి.

అసలు కష్టం స్ప్రింగుల దగ్గర. వెనక గుంతలో స్ప్రింగులు తగిలించిన ఇనప పట్టీని క్లా అంటారు, అది రెండు పెద్ద స్క్రూలతో చెక్కలోకి దిగి ఉంటుంది. ఇదంతా తక్కెడే: ఒక పళ్లెంలో తీగలు, ఇంకో పళ్లెంలో స్ప్రింగులు. 9-42 తీగల సెట్ (అతి సన్న తీగ 0.009, అతి లావు తీగ 0.042 అంగుళాలు) మామూలు శ్రుతిలో దాదాపు 38 కిలోల బిగువుతో లాగుతుంది, 10-46 అయితే 47 కిలోల దాకా. అందుకే లావు సెట్‌కి మార్చగానే బ్రిడ్జి పైకి లేస్తుంది. దాన్ని చూసి క్లా బిగిస్తారు, శ్రుతి పెరుగుతుంది. తీగ వదులు చేస్తారు, బ్రిడ్జి కుంగుతుంది. మళ్లీ క్లా, మళ్లీ తీగలు. అరగంటయ్యాక గిటార్ గోడకి ఆనించి వెళ్లిపోతారు.

ఈ చక్రం తెగ్గొట్టడానికి కాలం చెల్లిన నాలుగు ఏటీఎం కార్డులు చాలు. ఒక్కోటి 0.76 మిల్లీమీటర్లు, నాలుగు కలిపితే సుమారు 3. ఫెండర్ చెప్పే వెనక ఖాళీ కూడా ఇంచుమించు అంతే, ఒక అంగుళంలో ఎనిమిదో వంతు. ముందు క్లా స్క్రూలను కావాలనే కాస్త ఎక్కువ బిగించి, పలక వెనక అంచు కింద నాలుగు కార్డులూ దూర్చండి. స్ప్రింగులు లాగుతుంటే పలక వాటి మీద నొక్కుకుని కూర్చోవాలి. లేచిపోతుంటే క్లాని ఇంకాస్త బిగించండి. ఇప్పుడు ఆరు తీగలనూ కచ్చితంగా శ్రుతి చేయండి. కార్డులు ఆపుతున్నాయి కాబట్టి ఒక తీగ బిగిస్తే ఇంకోటి జారదు. తర్వాత క్లా స్క్రూలు రెండింటినీ సమంగా, పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ కార్డులను లాగి చూడండి. బిగువేమీ లేకుండా జారి బయటికొచ్చిన క్షణంలో ఆగిపోండి. తక్కెడ సమమైంది, శ్రుతి చేసినది చేసినట్టే ఉంటుంది. ఒకటి రెండు తీగలు అటూ ఇటూ ఉంటే సరిచేసుకోవడమే.

అందరికీ ఇలా గాలిలో తేలే బ్రిడ్జి అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఎలక్ట్రిక్ గిటార్ మీద మన సంగీతం వాయిస్తూ తీగని పక్కకి లాగి గమకం పలికించేవాళ్లకి ఇది శత్రువు. ఒక తీగని లాగితే బ్రిడ్జి ముందుకి వంగి మిగిలిన అయిదూ కిందికి జారతాయి, ఆధారంగా మోగే షడ్జం, పంచమం అపశ్రుతిలో పడతాయి. వాళ్లు నాలుగో స్ప్రింగు తగిలించి, లాగినప్పుడు కూడా పలక చెక్కని వదలనంత వరకు క్లా బిగించుకోవాలి. బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అయితే అయిదు స్ప్రింగులూ పెట్టి, వెనక గుంతలో చెక్కముక్క కూడా బిగించి బ్రిడ్జిని కదలకుండా చేసుకున్నాడు.

తీగల ఎత్తు శాడిళ్లతో, అంటే బ్రిడ్జి మీద ఒక్కో తీగని మోసే చిన్న ముక్కలతో, సరిచేయాలి. దానికి ముందు మెడ వంపు చూడండి: మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టి, మెడ శరీరంలో కలిసే చోట ఆరో తీగ నొక్కితే, ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య పావు మిల్లీమీటరు సందు ఉండాలి. తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎత్తు 1.6 మిల్లీమీటర్లకి తెండి. ఫింగర్‌బోర్డు అడ్డ వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధందైతే లావు తీగల వైపు 2 మిల్లీమీటర్లు ఉంచండి. ఒక్కో శాడిల్‌కి రెండు చిన్న స్క్రూలుంటాయి, రెండూ సమంగా దిగాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో చెమటకి ఉప్పుగాలి తోడై ఇవే ముందు తుప్పు పడతాయి. తిరగకపోతే బలం పెట్టకండి, తల అరిగిపోతుంది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి.

తర్వాత ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో పలికేలా చూడటం. కొత్త తీగలతోనే చేయాలి, పాత తీగలతో చేసింది దండగ. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా ఒక స్థాయి పైన ఉండాలి. ఎక్కువుంటే శాడిల్‌ని వెనక్కి, తక్కువుంటే ముందుకి. ప్రతిసారీ తీగ వదులు చేసి స్క్రూ తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. ఆరో తీగ శాడిల్ ఎంత లాగినా చాలకపోతే దాని వెనక స్ప్రింగు నలిగి అడ్డుపడుతోందేమో చూడండి, సగం కత్తిరిస్తే చోటొస్తుంది. అప్పటికీ ఆ తీగ రెండు స్వరాలు ఒకేసారి మోగినట్టు వణికితే పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగం) అయస్కాంతం దాన్ని లాగుతోందన్నమాట. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, తీగకీ మెడ వైపు పికప్‌కీ మధ్య 2.4 మిల్లీమీటర్లు ఉండేలా కిందికి దించండి.

ఇంతా చేశాక కూడా మార్చాలనుంటే, పూర్తి బ్రిడ్జి కన్నా ముందు దాని కింద వేలాడే లోహపు దిమ్మెని మార్చండి. తక్కువ ధర గిటార్లలో అది సన్నటి జింకు మిశ్రమం. బరువైన ఉక్కు దిమ్మె వేస్తే నాదం మరింత సేపు నిలుస్తుంది, అదీ నిండుగా. ఉక్కు అని అమ్మినదాన్ని అయస్కాంతంతో పరీక్షించండి. అంటుకోకపోతే వెనక్కి పంపేయండి. తీగలు శాడిల్ దగ్గరే పదేపదే తెగుతుంటే గాడి అంచుని 1000 నంబరు ఎమరీ కాగితంతో నునుపు చేయండి. అయినా తెగితే గ్రాఫైట్ కలిసిన శాడిళ్లు వేయండి.

పూర్తి బ్రిడ్జి కొనేవాళ్లు స్కేలు లేకుండా ఆర్డరు పెట్టకూడదు. చివరి రెండు స్క్రూల నడుమ దూరం, మధ్య నుంచి మధ్యకి, ముందు కొలవండి. పాత ఫెండర్ కొలత దాదాపు 56 మిల్లీమీటర్లు, ఆసియాలో తయారయ్యే చాలా గిటార్లలో 52.5. ఆన్‌లైన్ అమ్మకందారులు "అన్ని స్ట్రాట్‌లకూ సరిపోతుంది" అని రాసి ఈ అంకె మాత్రం రాయరు, కొన్నవాడు పెట్టె విప్పాక లబోదిబోమంటాడు. పోనీ కొత్త రంధ్రాలు వేద్దామంటే, పాత రంధ్రానికి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే పడతాయి. డ్రిల్లు జారి పాతదాంట్లోకే పోతుంది. గట్టి చెక్క పుల్లలు జిగురుతో దిగ్గొట్టి, ఆరాక కొత్తగా తొలవాలి. దిమ్మె పొడవూ కొలవండి: స్ట్రాట్ శరీరం మందం మామూలుగా 45 మిల్లీమీటర్లు, చవక గిటార్లలో 40 దాకా తగ్గుతుంది. పొడవు దిమ్మె వేస్తే వెనక మూత దాటి బయటికొస్తుంది. బార్ మరలు కూడా రెండు రకాలు, అమెరికన్ కొలతదీ మెట్రిక్‌దీ, ఒకదాంట్లో ఒకటి తిరగవు. కొత్త బ్రిడ్జితో వచ్చిన బార్‌నే వాడండి.

క్లా విప్పేటప్పుడు దానికి టంకం వేసి ఉన్న నల్ల వైరు జాగ్రత్త. అది బ్రిడ్జిని, తీగలను ఎర్త్ చేసే వైరు. ఊడితే ఆంప్ పెట్టగానే "బుయ్" మని మోత మొదలవుతుంది, తీగ వేలితో తాకినా తగ్గదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఆ లావు ఇనుముని వేడెక్కించలేదు, 60 వాట్లది వాడండి, టంకం వేసే చోట ముందు ఆకురాయితో గీరండి.