నాలుగేళ్ల కొలువు, నూటికి రెండు రూపాయల మిత్తి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర పల్లె. సైన్యంలో నాలుగేళ్ల కొలువైన అగ్నివీర్‌గా నాకు మూడో ఏడు మొదలైంది. ఇప్పుడు పంజాబ్‌లో పీస్ స్టేషన్‌లో (సరిహద్దు కాపలా లేని చోట) ఉన్నాను. పొద్దున పీటీ, పగలంతా ట్రైనింగ్, వంతు వచ్చిన రాత్రి గార్డు డ్యూటీ. సాయంత్రం రోల్ కాల్ అయ్యాకే ఇంటికి ఫోన్. చేతికి 25,550 వస్తే 20,000 నాయినకు పంపుతున్నాను. అక్క పెళ్లికి, ఎండిపోయిన రెండు బోర్లకు కలిపి తెచ్చిన 3 లక్షల అప్పుంది. నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 6,000 మిత్తికే పోతోంది. సాగర్ రోడ్డు పక్కన ప్లాటుకు నెలనెలా 5,000 కడుతున్నాం, ఇప్పటికి 40,000 కట్టాం. మిగతా 9,000తో ఇల్లు, తమ్ముడి డిగ్రీ నడుస్తున్నాయి. సర్వీసు అయ్యాక వచ్చే 11 లక్షలతో అప్పు తీర్చి ప్లాటు కూడా పూర్తి చేద్దామని నాయిన అంటున్నాడు. మేనమామ ఒక పాలసీ కట్టమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: కొడుక్కి మిలిటరీ కొలువు వచ్చిందంటే, ఇక అరవై ఏళ్లదాకా ఢోకా లేదనే మన ఊళ్లలో లెక్క వేస్తారు. మీ నాయిన కూడా ఆ లెక్కతోనే ప్లాటు మొదలుపెట్టి ఉంటాడు. అందుకే ముందు మీరు ఇంటికి చెప్పాల్సింది ఒక అంకె. ఈ ఏడాది నెలకు 25,550, వచ్చే ఏడాది 28,000. రెండేళ్లూ కలిపి ఇక మీ చేతికి వచ్చే జీతం 6,42,600. అంతే. ఈ అంకెను ఫోన్‌లో నాయినకు చదివి వినిపించండి, అమ్మను కూడా పక్కన కూర్చోమనండి. బాధపెట్టడం ఎందుకని దాచొద్దు. కొలువు ఎన్నాళ్లో తెలియక వాళ్లు ఇంకో అప్పుకు ఒప్పుకుంటే, దాని బరువు మళ్లీ మీ మీదే పడుతుంది.

ఇక ఆ 11 లక్షల సంగతి. మీ నెల ప్యాకేజీలో 30 శాతం మీ చేతికి రాకుండా సేవానిధికి, అంటే సర్వీసు చివర ఇచ్చే నిధికి పోతోంది. ఈ ఏడాది అది నెలకు 10,950. నాలుగేళ్లకు మీ వాటా 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే వేస్తుంది. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలని 2022లో పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. దాని మీద పన్ను లేదు. కానీ నాయినకు చెప్పాల్సిన షరతులు రెండున్నాయి. మధ్యలో మీ ఇష్టంతో వచ్చేస్తే ప్రభుత్వ వాటా రాదు. రెగ్యులర్‌గా తీసుకునే 25 శాతంలో మీరు ఉంటే (ఉండాలనే కోరుకుంటున్నాను) అప్పుడు కూడా మీ వాటా, దాని వడ్డీ మాత్రమే వస్తాయి, అంటే దాదాపు సగం. కొలువు నిలబడితే డబ్బు తగ్గుతుంది, డబ్బు పూర్తిగా వస్తే కొలువు ఉండదు. ఈ రెండింటిలో ఏదో తేలకముందే 11 లక్షలను పంచుకోవడం తొందరపాటు.

అప్పును అప్పటిదాకా ఆపడం ఇంకా పెద్ద నష్టం. రెండేళ్లు మిత్తి మాత్రమే కడితే 1,44,000 పోతుంది, 3 లక్షల అసలు అలాగే ఉంటుంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అంత రాబడి ఖాయంగా ఇచ్చే పొదుపు నాకు తెలిసి ఎక్కడా లేదు. కాబట్టి మీకు ఇప్పుడు అన్నిటికన్నా మంచి పెట్టుబడి ఈ అప్పు తీర్చడమే.

అమ్మ దగ్గర బంగారం ఉంటే, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే, దాని మీద బ్యాంకులో లక్షన్నర తీసుకుని సగం అప్పు కట్టేయండి. ఏడాదికి 10 శాతం అనుకున్నా ఆ లక్షన్నరకు నెలకు 1,250 పడుతుంది. ఇప్పుడు అదే లక్షన్నరకు 3,000 కడుతున్నారు. ప్లాటు ఆపి, నెలకు 22,000 పంపి, ఇంటికి 9,000 పోను 13,000 అప్పులకే పెడితే, ఊళ్లో అప్పు పదిహేను నెలల్లోపే తీరిపోతుంది. మిగిలిన తొమ్మిది నెలల్లో బంగారం అప్పు కూడా చాలావరకు దిగుతుంది. మీ దగ్గర మిగిలేది 3,550. లంగర్‌లో (యూనిట్ వంటశాలలో) తిండి, బ్యారక్‌లో పడక ఉన్నాయి కాబట్టి రీచార్జికి, సబ్బులకు, లీవులో రైలు టికెట్టుకు ఇది సరిపోతుంది. ఫోన్ మార్చాలన్న కోరిక మాత్రం కొన్నాళ్లు వాయిదా వేయాలి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను. లక్షన్నర ఇచ్చిన రోజే 3 లక్షలకు రాసిన పాత ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవాలి. పాత నోటు చేతికి రాకుండా, మిగతా లక్షన్నరకు రాసే కొత్త నోటు మీద నాయినతో సంతకం పెట్టించొద్దు. ఆ తర్వాత నెలనెలా కట్టిందంతా నోటు వెనక తేదీ వేసి జమ రాయించాలి. ఫోన్‌పేలో పంపినా రాయించాలి. అసలు కొద్దికొద్దిగా తీసుకోనని అప్పిచ్చినాయన అంటే, బ్యాంకులో వేసుకుని యాభై వేలు కాగానే ఒక్కసారి కట్టండి. నమ్మకం మీద నడిచే లావాదేవీ అయినా కాగితం ఉండాలి.

బోర్లు ఎండిన చేనుకు ఇంకో బోరు వేద్దామని నాయిన అంటే, ఈ రెండేళ్లూ వద్దనే చెప్పండి. పత్తి పెట్టుబడికి మందుల దుకాణంలో ఖాతా పెట్టే బదులు, కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం తీసుకోమనండి. 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది.

ప్లాటు విషయంలో నాది కటువైన మాటే. ఇక కట్టొద్దు. లేఅవుట్‌కు డీటీసీపీ (ప్రభుత్వ పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి ఉందో లేదో అడగండి, కట్టిన 40,000 తిరిగి ఇస్తారేమో రసీదు మీదున్న షరతులు చూడండి. ఆ డబ్బు రాకపోయినా ఆపేయడమే మేలు. ఇంత మిత్తి కడుతూ, రిజిస్ట్రేషన్ కాని భూమికి నెలకు 5,000 పెట్టే స్థోమత మీ ఇంటికి ఇప్పుడు లేదు.

పాలసీ అక్కర్లేదు. సర్వీసులో ఉన్నంతకాలం మీరు పైసా కట్టకుండానే 48 లక్షల బీమా ఉంది. అందులో నామినీ పేరు సరిగా ఉందో లేదో యూనిట్ క్లర్క్‌ని అడిగి చూసుకోండి. బయటికి వచ్చే నెలలో మాత్రం సొంతంగా టర్మ్ పాలసీ (గడువులో చనిపోతేనే ఇంటికి డబ్బు వచ్చే బీమా) తీసుకోవాలి. మామకు మర్యాదగా ఈ మాటే చెప్పండి.

మీకున్నది ఏడాదికి 30 రోజుల లీవు. బ్యాంకు పని, నోటు మార్పిడి వచ్చే లీవులో మొదటి వారంలోనే పెట్టుకోండి. చుట్టాల ఇళ్లకు ఆ తర్వాత తిరగొచ్చు. పాత నోటుకు బావ గానీ ఇంకెవరైనా గానీ జమానత్ ఉంటే, మార్చే రోజు వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.