టెక్ సందేహాలు: ఆన్‌లైన్ క్లాసుకు వాట్సాప్ గ్రూప్ చాలదా?

ప్రశ్న: 60 మందికి ఆన్‌లైన్‌లో అకౌంటింగ్ నేర్పుతున్నాను. అన్నీ ఒక్క వాట్సాప్ గ్రూప్‌లోనే నడుస్తున్నాయి. ఎవరి సందేహం ఎక్కడుందో దొరకదు. దిద్ది పంపిన పేపర్ల మీద నేను రాసింది ఎవరూ చదువుతున్నట్టు లేదు. పాఠాలు, హోంవర్క్ ఒకేచోట పెట్టుకునే గూగుల్ క్లాస్‌రూమ్ సరిపోతుందా, అలాంటిదే అయిన మూడిల్‌కి వెళ్లాలా?

జవాబు: మీ గ్రూప్‌లో గత వారం మెసేజ్‌లు ఓసారి వెనక్కి వెళ్లి చూడండి. క్లాస్ టైం మారిందనే కబురు, పదిమందికీ పనికొచ్చే సందేహం, ఒక్కరికే చెప్పాల్సిన తప్పు... మూడూ కలగాపులగంగా ఉంటాయి. మొదటిదానికి వాట్సాప్ బాగుంటుంది, ఉంచుకోండి. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేయండి. మిగతా రెండూ అక్కడ వద్దు. పైగా మామూలు గ్రూప్‌లో సభ్యుల ఫోన్ నంబర్లు ఒకరివి ఒకరికి కనిపిస్తాయి. కోర్సులో చేరిన అమ్మాయి తన నంబర్ 59 మంది కొత్తవాళ్లకు ఇవ్వాలని ఎందుకు కోరుకుంటుంది?

ఒక్కరే బోధిస్తున్నారు కాబట్టి మీకు గూగుల్ క్లాస్‌రూమ్ చాలు. ఒక్కో పాఠాన్ని ఒక్కో పోస్ట్‌గా పెట్టి, సందేహాలు దాని కిందే క్లాస్ కామెంట్‌గా అడగమనండి. నెల తర్వాత చేరినవాళ్లకు కూడా ఆ జవాబు పాఠంతో పాటే దొరుకుతుంది.

మీరు ఎక్కువ బాధపడుతున్నది దిద్దిన పేపర్ల గురించి. మీరు రాసే వ్యాఖ్య హోంవర్క్ పక్కనే ఉండాలి. క్లాస్‌రూమ్‌లో ప్రతి విద్యార్థి పని పక్కన ప్రైవేట్ కామెంట్ పెట్టె ఉంటుంది. అందులో రాసింది ఆ విద్యార్థికీ, ఆ క్లాసు టీచర్లకే కనిపిస్తుంది. క్లాస్ కామెంట్ అలా కాదు, అందరూ చూస్తారు. తొందరలో ఒకదాని బదులు ఇంకోదాంట్లో రాస్తే ఒక పిల్లవాడి తప్పు క్లాసంతా చదువుతుంది. పంపే ముందు ఏ పెట్టెలో ఉన్నారో చూసుకోండి. డెబిట్, క్రెడిట్ తారుమారు చేయడం లాంటి తప్పులు మళ్లీ మళ్లీ వస్తుంటే, వాటి వివరణలను క్లాస్‌రూమ్‌లోని కామెంట్ బ్యాంక్‌లో (మళ్లీ వాడుకునే కామెంట్లు దాచే చోటు) దాచుకుని వాడుకోవచ్చు. అయితే చివర్లో ఆ పేపర్‌కే చెందిన ఒక్క వాక్యమైనా చేత్తో టైప్ చేయండి. తన లెక్కను ఎవరో నిజంగా చూశారని విద్యార్థికి తెలిసేది దానితోనే.

ఇక, రాసింది ఎందుకు చదవరు? విద్యా మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో కొందరు స్కూలు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లకు ఆ మేలు కనిపించలేదు. అంకె కనపడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయని నా నమ్మకం. క్లాస్‌రూమ్‌లో మార్కు వేయకుండానే పేపర్ తిరిగి పంపవచ్చు. ముందు కామెంట్‌తో పంపి, సరిచేసి మళ్లీ సమర్పించాక మార్కు వేయండి. సాధనాల ఎంపికలో నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ వీలుందా అనే.

మూడిల్ 2002లో వచ్చిన ఉచిత ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు కానీ, మీరే సర్వర్‌లో పెట్టుకుంటే అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకునే మనిషి కావాలి. అందులో ఒక రకం ఫోరమ్ (చర్చా వేదిక) నాకు చాలా ఇష్టం: విద్యార్థి తన జవాబు రాసేదాకా తోటివాళ్లవి కనపడవు. నలుగురైదుగురు టీచర్లు, చాలా కోర్సులు అయినప్పుడు అటు వెళ్లండి.

మారే ముందు వేరే ఖాతాతో విద్యార్థిగా చేరి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఒక హోంవర్క్ సమర్పించి చూడండి. మీకు ఎక్కడ చిరాకేస్తే వాళ్లూ అక్కడే ఆగిపోతారు.

ప్రశ్న: నా బోధన ఎలా ఉందో పేర్లు లేకుండా విద్యార్థుల నుంచి తెలుసుకోవడం ఎలా?

జవాబు: ప్రశ్నలు పెట్టి జవాబులు సేకరించే గూగుల్ ఫారమ్స్ చాలు. ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపేయండి. ఒక్కరికి ఒక్క జవాబే అన్న నియమం కూడా తీసేయండి, అది ఉంటే లాగిన్ అడుగుతుంది, పిల్లలు భయపడతారు. ఒక చిక్కుంది: జవాబులు గూగుల్ షీట్‌లోకి (పట్టికలోకి) వెళ్తే ఏ సమయానికి వచ్చాయో నమోదవుతుంది. ఆరుగురున్న బ్యాచ్‌లో అదొక్కటి చాలు మనిషిని పోల్చుకోవడానికి. అందుకే చిన్న బ్యాచ్‌కి రెండు మూడు రోజుల గడువివ్వండి, గడువు ముగిసేదాకా షీట్ తెరవకండి. ప్రశ్నలు రెండే పెట్టండి: ఏది అర్థం కాలేదు, ఏది మార్చాలి. అందులో మీరు మార్చబోయేదేమిటో వచ్చే క్లాసు మొదట్లోనే వాళ్లకు చెప్పండి.