స్టెత్ చెవిలో పెట్టుకునే ముందు చూడాల్సినవి

ప్రశ్న: "నెల్లూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి చెన్నైలో మెడికల్ వార్డులో కొత్తగా చేరాను. ఆయాసం కేసులే ఎక్కువ. స్టెత్ పెడితే అందరి ఛాతీ ఒకేలా వినిపిస్తోంది. శ్వాస పరీక్ష ఎలా నేర్చుకోవాలి?"

చెల్లీ అంటున్నా, ఏమీ అనుకోకు, మాది గూడూరు. పద్నాలుగేళ్లుగా చెన్నైలో ఇదే పని. మొదటి ఏడాది నాకూ అన్నీ ఒకేలా వినిపించేవి. స్టెత్‌తో మొదలుపెట్టడమే పొరపాటని ఒక నైట్ డ్యూటీలో తెలిసొచ్చింది.

పాతికేళ్ల అబ్బాయి, ఉబ్బసం. వచ్చినప్పుడు పిల్లికూతలు వార్డు గుమ్మం దాకా వినిపించాయి. రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టాక కూతలు ఆగిపోయాయి. నేను సంబరంగా వాళ్లమ్మతో "తగ్గిపోయిందమ్మా, మీరు కాస్త నడుం వాల్చండి" అన్నాను. కాసేపటికి సీనియర్ సిస్టర్ వచ్చి, అతని ముఖం చూసి, ఏ ఊరని అడిగింది. ఒక మాట అన్నాడు, ఆగాడు, ఊపిరి పీల్చుకుని ఇంకో మాట అన్నాడు. ఆవిడ స్టెత్ పెట్టి, నా చెవులకి అందించింది. నిశ్శబ్దం. గాలి లోపలికి వెళితేనే కదా కూత వచ్చేది! వెంటనే ఐసీయూకి మార్చారు, బతికాడు. అప్పటినుంచి కూత ఆగిందంటే ముందు మనిషిని చూస్తాను.

మంచం దగ్గరికి నడుస్తూనే చూడు. ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడా? మెడ కండరాలు లాగుతున్నాయా, డొక్కలు ఎగరేస్తున్నాడా? ఒక ఊపిరికి ఎన్ని మాటలు అనగలుగుతున్నాడు? ఇందాకటి దాకా ఆయాసపడిన మనిషి మగతగా తూలుతుంటే ప్రశాంతంగా ఉన్నాడనుకోకు, డాక్టర్‌ని పిలువు.

తర్వాత శ్వాస లెక్క. మన చార్టుల్లో వార్డు మొత్తానికీ 20 అనే రాసి ఉంటుంది, నీకూ తెలిసే ఉంటుంది. నేనూ రాశాను, సిగ్గుపడుతూ చెబుతున్నా. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పొట్ట కదలికని పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టు. లెక్కపెడుతున్నామని చెబితే వాళ్ల ఊపిరి మారిపోతుంది. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆలస్యం చేయకు. చాలామందిలో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడకముందే ఈ అంకె పెరుగుతుంది. వేలికి పెట్టిన మెషీన్‌ని చూసి నిశ్చింతగా ఉండొద్దు. చేతులు చల్లబడినా, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పు రావచ్చు.

ఇక స్టెత్. చొక్కా మీద, జాకెట్టు మీద పెట్టకు, బట్ట రాపిడి అచ్చం క్రెప్ట్స్‌లా, అంటే జబ్బు చేసిన ఊపిరితిత్తిలో వచ్చే చిటపట శబ్దంలా వినిపిస్తుంది. కర్టెన్ లాగి, విషయం చెప్పి, ఒంటి మీదే పెట్టు. నోరు తెరిచి గాలి పీల్చమను. తమిళ పేషెంట్లకి "మూచ్చు ఇళుత్తు విడుంగ" అంటే చాలు. కుడివైపు ఒకచోట విన్నాక ఎడమవైపు అదే చోట విను. ముఖ్యంగా వీపు వదలొద్దు. ఊపిరితిత్తుల కింది తమ్మెలు (లోబ్స్) ఎక్కువ భాగం వెనకవైపే ఉంటాయి, ముందు మాత్రమే విని "క్లియర్" అని రాస్తే అడుగున ఉన్న న్యుమోనియా తప్పించుకుంటుంది. సన్నని క్రెప్ట్స్ ఎలా ఉంటాయో తెలియాలంటే చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపి చూడు.

మన ఊళ్లలో దేన్నయినా "నెమ్ము చేసింది" అంటారు కదా. అది న్యుమోనియా కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడమూ కావచ్చు. రెండింట్లోనూ వేలితో తట్టితే మొద్దు శబ్దమే వస్తుంది. నిండు బిందెనీ ఖాళీ బిందెనీ తట్టి చూడు, తేడా తెలుస్తుంది. నీరు చేరినచోట ఊపిరి శబ్దం తగ్గిపోతుంది, అరచేయి ఆనించి "తొంభై తొమ్మిది" అనిపిస్తే అదురు కూడా తగ్గుతుంది. ఊపిరితిత్తి గట్టిపడిన న్యుమోనియాలో ఆ అదురు పెరుగుతుంది.

సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు గురించి ఒక్కటి చెప్పాలి. వెంకటగిరి నుంచి వచ్చిన ఒక అవ్వ కొడుకు నన్ను నిలదీశాడు: "మా అమ్మ బీడీ ముట్టలేదు, ఈ జబ్బెలా వచ్చింది?" వంట ఎక్కడ చేసేదని అడిగాను. నలభై ఏళ్లు కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి! ఆ పొగా చాలు. ఆవిడకి శాచురేషన్ 90 ఉందని కంగారుపడి ఆ కొడుకే ఆక్సిజన్ పెంచేశాడు. వీళ్లలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత వస్తుంది. అందుకే డాక్టర్లు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. ఆక్సిజన్ పెంచే, తగ్గించే ఫ్లోమీటర్ ముట్టొద్దని పేషెంట్‌కి తోడున్నవాళ్లకి ముందే చెప్పు.

కళ్లె రంగు తప్పకుండా అడుగు. గులాబీ రంగు నురగ వస్తే గుండె వైపు ఆలోచించాలి, అది అత్యవసరం. రెండు వారాలు దాటిన దగ్గయితే మాస్క్ ఇచ్చి, టీబీకి కళ్లె పరీక్ష సంగతి డాక్టర్‌కి గుర్తుచెయ్యి. టీబీ అనగానే ఇంటివాళ్లు మంచానికి దూరం జరుగుతారు. అప్పుడు నేను ఇక్కడి తాంబరం శానిటోరియం రైల్వే స్టేషన్ సంగతి చెబుతాను, ఆ పేరు అక్కడి టీబీ ఆసుపత్రిదే. ఒకప్పుడు ఈ జబ్బుకి అలాంటి చోట నెలల తరబడి ఉండాల్సి వచ్చేది. ఇంట్లో ఉండి మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని 1950ల చివర్లో ఈ మద్రాసులో చేసిన పరిశోధనే చూపించింది.

చివరగా, ఫోన్లో డాక్టర్‌కి "పేషెంట్‌కి ఆయాసంగా ఉంది సార్" అనకు. "శ్వాస 32, ఊపిరికి రెండు మాటలే, కుడి కింద ఎయిర్ ఎంట్రీ (గాలి వెళ్లే శబ్దం) తక్కువ, రెండు లీటర్ల ఆక్సిజన్ మీద 89" అను. రాత్రి రెండింటికైనా లేచి వస్తారు.